అద్దాల కుంటలో మారు వడ్డన

మా సుగేయ పేటలో ఒక ఆనవాయితీ ఉంది. ఫలానా పని జరగాలని సభలో ఎవరు నోరు తెరిస్తే ఆ పని వాళ్లకే అంటగడతారు. అందుకని పేట సంఘం సమావేశాల్లో టీ తాగడానికి తప్ప ఎవరూ నోరు తెరవరు. నేను తెరుస్తాను. తెరవకుండా ఉండలేకపోవడం నా జబ్బు. రెండేళ్ల క్రితం సభలో, కుంటని శుభ్రం చేసేవాళ్లని ఎవరు శుభ్రం చేస్తారండీ అని సరదాకి అడిగాను. అందరూ నవ్వారు. కార్యదర్శి నవ్వకుండా రాసుకున్నాడు. అప్పట్నుంచి కుంటలో దిగిన ప్రతి మనిషికీ నా స్నానశాలలో వేడినీళ్లు. జోకు నాది, జలుబు నాది, బురదతో పూడుకుపోయిన తూము కూడా నాదే.

నా పేరు కుజె. మూడు తరాలుగా పేటంతా వచ్చి వేడినీళ్ల తొట్లలో దిగే స్నానశాల మాది. ఇటు మగవాళ్లు, అటు ఆడవాళ్లు, మధ్యలో కప్పుని అందుకోని గోడ, గోడ చివర ఎత్తు పీట మీద నేను. చూపు ఆగుతుంది గాని మాట ఆగదు. పేటలో తగువులన్నీ ఆ గోడమీంచి ఎగిరి నా చెవిలో పడి అవతలికి వెళతాయి. ఈ రెండేళ్లుగా వెళ్లిన తగువు ఒక్కటే, కుంట తగువు.

దాని పేరు అద్దాల కుంట. పేరు పెట్టినవాడు ఎప్పుడో పోయాడు, బతికిపోయాడు. మా తరానికి ఆ అద్దంలో మొహం పెడితే మొహం మొత్తేది. నీళ్లు మూడు రోజులు కెటిల్లో మరిచిపోయిన టీలా ఉండేవి. ఆగస్టులో వాసన స్టేషన్ దాకా నడిచివెళ్లి రైలెక్కేది. మేయరుకి మడుగులొత్తేవాళ్లు పేటనిండా ఉన్నారు గాని, ఈ మడుగుని ఎత్తిపోసే నాథుడు లేడు. మునిసిపాలిటీని అడిగితే కుంట గురించి కుంటిసాకులు చెప్పేది.

అయినా అడుగుతూ వచ్చింది ఒక్క మనిషి, కురియామా తొమియె గారు. మా పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచరు. వయసు డెబ్బై ఒకటి. నా చిన్నప్పుడు నాకూ చెప్పారు. నా వృత్తి జనానికి తలంటు, ఆవిడ వృత్తి నాకు తలంటు. క్లాసులో నేను విసిరిన ప్రతి శ్లేషకీ వరండాలో నిలబెట్టేవారు. ఆ లెక్కన నా చదువు సగం వరండాలోనే పూర్తయింది.

ఆవిడ కోరేది ఒక్కటే. నీళ్లన్నీ తోడేసి, బయటినుంచి వచ్చిపడ్డ జీవాల్ని ఏరేసి, ఇక్కడ పుట్టినవాటిని దాచి, చలికాలమంతా కుంట అడుగుని ఎండబెట్టాలి. కైబొరి అంటారు. వరి పండించే రోజుల్లో రైతులు ఏటా చేసిన పనే. అడుగు ఎండితే, బురద కింద అరవై ఏళ్లుగా నిద్రపోతున్న గింజలు లేస్తాయని ఆవిడ నమ్మకం. చిన్నప్పుడు ఆ కుంటలో పచ్చని దారాల్లాంటి నీటిగడ్డిని చూశారట. ఆ గడ్డి వస్తే పురుగు, పురుగొస్తే చేప, చేపొస్తే మునుగుడు పిట్ట. ఆరేళ్లు కాగితాలు పట్టుకు తిరిగితే మునిసిపాలిటీ పంపులిచ్చింది, ఒక్కసారికే అని రాసి మరీ ఇచ్చింది. డాక్టరు ఆవిడ మోకాళ్లు చూసి, బురదలో దిగడానికి ఇదే ఆఖరి చలికాలం అన్నాడు. ఈసారి తప్పితే ఆవిడకి ఆ గడ్డి మళ్లీ కనపడదు.

అడ్డం పడ్డవాడు ఇనుజుకా గొంపె గారు, పేట సంఘం అధ్యక్షుడు. సెంబెలు, అంటే బియ్యప్పిండి బిళ్లలు, సోయా సాసు రాసి కాల్చి అమ్మి పెద్దవాడయ్యాడు. ముప్పై ఏళ్లుగా విరిగిన సెంబెలన్నీ ఆయన ఆ కుంటలో కోయి చేపలకి వేశాడు. ఎర్రవి, తెల్లవి, బంగారురంగువి, ఒక్కోటి చంటిపిల్లంత. కోయి అనే పేరు చూసి కోస్తారనుకోకండి, మావాళ్లు వాటిని కొలుస్తారు. టీచరు గారి లెక్క వేరు. ఆ చేపలు అడుగు కెలికి బురద లేపుతాయి, మొలిచిన ప్రతి మొక్కనీ మింగుతాయి, కాబట్టి కుంటకి జబ్బు అవే.

కుంట గట్టున ఆవిడ ఒక బోర్డు పెట్టారు, ఇక్కడ మేత వేసేవారు హంతకులు అని. మర్నాడు దాని పక్కనే ఇంకో బోర్డు వెలిసింది, ఇక్కడ పాఠాలు చెప్పేవారు అంతకంటే హంతకులు అని. సాయంత్రం నా స్నానశాలలో మగవాళ్ల తొట్టిలో గడ్డందాకా మునిగిన ఇనుజుకా గారు గోడవైపు చూసి గొంతెత్తాడు.

"స్నానాలాయనా, అవతల టీచరమ్మ ఉందా? ఉంటే చెప్పు. నా చేపలు ముప్పై ఏళ్లు ఈ పేట పిల్లల్ని ఆడించాయి. ఆవిడ ముప్పై ఏళ్లు పిల్లల్ని నిద్రపుచ్చింది."

అవతలినుంచి చెంబుడు నీళ్లు కుమ్మరించిన చప్పుడు, దాని వెనకే గొంతు.

"కుజే, ఆయనతో చెప్పు. ఆ ఉప్పు బిళ్లలు తిని తిని చేపలకి కూడా బీపీ వచ్చుంటుంది. ముందు వాటిని డాక్టరుకి చూపించమను."

నేను చెప్పక్కర్లేదు, గోడే చెప్పేసింది. అయినా ఇద్దరూ నా పేరు మీదే పంపుకునేవారు. రెండేళ్లలో వాళ్లు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడింది లేదు.

జనవరి మూడో ఆదివారం కుంటలో నీళ్లు అడుగంటాయి. రబ్బరు బూట్లు చంకలదాకా తొడుక్కుని నలభైమందిమి దిగాం. ఒకళ్ల మీద ఒకళ్లు బురద చల్లుకోవడం మాకు కొత్త కాదు గాని, సరుకు చేతికందడం అదే మొదలు. పదకొండు సైకిళ్లు బయటపడ్డాయి, ఒక రైస్ కుక్కర్, ఒక పోస్టు డబ్బా మూత, లెక్కలేనన్ని గోల్ఫు బంతులు. మాలో గోల్ఫు ఆడేవాళ్లందరూ ఆకాశం వైపు చూశారు. కోయి చేపల్ని, మొత్తం నలభై రెండిటిని, గట్టు మీద నీలం ప్లాస్టిక్ తొట్టెల్లోకి మార్చారు. ఇనుజుకా గారు వాటిమధ్య కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు.

కోయి సంగతి మధ్యాహ్నం మూడింటికి తేలాలి. గట్టు మీదే పేట ఓటు. ఒక దారి, చేపల్ని వేరేచోట పెట్టి రెండు నెలలు కుంటని ఎండబెట్టడం, మళ్లీ నీళ్లు నింపినా వాటిని రానివ్వకపోవడం. రెండోది, ఇవాళ్టికి ఇవాళే నీళ్లు నింపి చేపల్ని మళ్లీ వదిలేయడం. రెండో దారి గెలిస్తే ఆరేళ్ల కాగితాలూ ఆ మోకాళ్లూ బురదపాలే. పొద్దున్న టీ తాగుతూ మనుషుల్ని లెక్కేస్తే ఇద్దరికీ ఇంచుమించు సమానంగా తేలింది.

అదీ పొద్దున్న సంగతి. పదింటికల్లా తాబేళ్లు మొదలయ్యాయి.

చెవి దగ్గర ఎర్రచార ఉండే తాబేళ్లు. ఇవి మా ఊరివి కావు. ఒకప్పుడు జాతర్లలో పచ్చ బిళ్లల్లా అమ్మేవారు. ప్రతి ఇంట్లోనూ కొన్నారు. అరచేతిలో పట్టినంతకాలం పెంచారు, అన్నం పళ్లెమంత పెరిగాక చీకటి మాటున తీసుకొచ్చి అద్దాల కుంటలో వదిలారు. అందరూ వదిలారు, ఎవరూ వదల్లేదన్నారు. చలికి మొద్దుబారి బురదలో పడుకున్నవి ఒక్కోటీ చేతికి తగులుతుంటే, మేము ఏమీ ఎరగని మొహాలు పెట్టుకుని, ఇవెక్కడివబ్బా అని ఒకళ్లనొకళ్లం అడుగుతూ ఎత్తాం.

టీచరు గారు మెడలో కుంట బాధ్యురాలి బిళ్లతో గట్టున బల్ల వేసుకుని కూర్చున్నారు. మేము తెచ్చింది ఆవిడ చూస్తారు, ఇక్కడిదైతే నీళ్ల తొట్టెలోకి, బయటిదైతే తెల్ల పెట్టెలోకి. తెల్ల పెట్టె సాయంత్రం ఫ్రీజరు వ్యానుకి వెళుతుంది. అక్కడ అవి నిద్రలోనే పోతాయి. ఆవిడ పెట్టిన నియమం చిన్నది. బయటి జీవాన్ని ఎవరూ ఇంటికి పట్టుకెళ్లకూడదు. అది నాది అన్నా, దానికి పేరుందన్నా సరే.

చాపల హిరుమా దగ్గర ఆ నియమం మొదటిసారి కరిచింది. తాతల నాటినుంచి తతామి చాపలు నేసే ఇల్లు ఆయనది. చేపల రోజున చాపలాయన ఎందుకు దిగావయ్యా అని నేను అప్పటికే రెండుసార్లు అనేశాను. ఆయన ఎత్తిన తాబేలు వీపు మీద గులాబీరంగు గోళ్లరంగుతో చుక్కలున్నాయి. కూతురు ఎనిమిదేళ్లప్పుడు పెట్టిన చుక్కలు. ఆయన బల్ల దగ్గర నిలబడి, దీన్ని ఇంట్లో తొట్టెలో పెట్టుకుంటాను, చట్టం కూడా ఒప్పుకుంటుంది అని గొణిగాడు.

"చట్టం ఒప్పుకుంటుంది హిరుమా గారూ, నేను ఒప్పుకోను," అన్నారు టీచరు గారు, నలభైమందికీ వినపడేలా. "అప్పుడు బరువైంది, తెచ్చి పారేశారు. ఇవాళ జనం చూస్తున్నారు, ప్రేమొచ్చింది. పెట్టెలో పెట్టండి."

హిరుమా పెట్టాడు. పెట్టి, ఇనుజుకా గారి కుర్చీ వెనక వెళ్లి నిలబడ్డాడు. ఆయనతో పాటు ఇంకో అయిదారుగురు. నేను మళ్లీ లెక్కేశాను. టీచరు గారి ఓట్ల కుండ కారుతోంది. కారుతోందని ఆవిడకీ తెలుసు. అయినా తరవాత వచ్చినవాళ్లనీ అదే గొంతుతో, అదే మాట అన్నారు.

మధ్యాహ్నం రెండింటికి నా చేతికి ఒకటి తగిలింది.

పెద్దది. రెండు చేతులూ పెట్టి లాగాల్సి వచ్చింది. బురద తుడుస్తూ తిరగేశాను. పొట్టమీద, వృత్తలేఖిని ముల్లుతో గీసిన గీతలు, ఎప్పటివో. రెండు, అడ్డగీత, మూడు. రెండో ఏడాది, మూడో సెక్షను.

అది నా సెక్షను. ఆ తాబేలు మా క్లాసు తాబేలు. మధ్యాహ్నం బడిభోజనంలో మిగిలిందల్లా తిని, ఇంకా పెట్టమన్నట్టు మెడ చాచేది. అందుకని దానికి ఒకావరి అని పేరు పెట్టాం, మారు వడ్డించండి అని అర్థం. మార్చిలో సెక్షన్లు మారిపోయే ముందు దాన్ని ఎవరు తీసుకెళ్లాలో తేలలేదు. అప్పుడు మా యువ ఉపాధ్యాయిని ఒక మహత్తరమైన ఆలోచన చేశారు. తాబేలుకి కూడా స్నాతకోత్సవం. ముప్పై ఎనిమిదిమంది కుంట గట్టున వరసగా నిలబడి వీడ్కోలు పాట పాడాం. సగంమంది ఏడ్చారు. ఉపాధ్యాయిని, స్వేచ్ఛగా బతుకు అని చిన్న ఉపన్యాసం ఇచ్చారు. ఆ రోజు దాన్ని మోసింది నా బకెట్టు. ఆ ఉపాధ్యాయిని కురియామా తొమియె గారు.

నీళ్లు లేని కుంట నడిమధ్యన నిలబడి నేను నీళ్లు నమిలాను.

వరండాలో నిలబెట్టిన బాకీ ముప్పై ఏడేళ్లుగా పేరుకుని ఉంది. గట్టిగా ఒక్క కేక వేస్తే తీరిపోతుంది, నా గొంతు సంగతి పేటకంతా తెలుసు. కాని వేయలేదు. ఆవిడ మీద ప్రేమతో అనుకోకండి. బకెట్టు నాది. దాన్ని మెల్లిగా మళ్లీ బురదలోకి తొక్కేద్దామని కాలు ఎత్తాను.

"ఏంటి స్నానాలాయనా, దొరికినదాన్ని దాస్తున్నావ్?"

ఇనుజుకా గారు కుర్చీలోంచి లేచాడు. దాచేవాడి వీపు ఎంత దూరం నుంచైనా కనపడుతుంది. ఆయన సెంబెలమ్మిన షాపులో దొంగ చేతుల్ని పట్టిన మనిషి. తీసుకురా అన్నాడు. నలభైమంది ఇటు తిరిగారు. తీసుకెళ్లక తప్పింది కాదు.

బల్లమీద పెట్టాను, పొట్ట కిందికి పెట్టి. ఇనుజుకా గారు వచ్చి తిరగేశాడు. చదివాడు. ఆయన కూతురు కూడా మా బళ్లోనే చదివింది, ఆ అంకెలేమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నా వైపు చూశాడు. నోరు తెరవకుండా ఉండలేని నేను ఆ ఒక్కసారీ తెరవలేదు, అదే ఆయనకి సాక్ష్యమైంది. రెండేళ్లలో మొదటిసారి ఆయన టీచరు గారి వైపు నేరుగా తిరిగాడు.

"ఇది మీ క్లాసుదేనా టీచరమ్మా?"

"నాదే."

"ఎవరు వదిలారు?"

"నేనే. పాట కూడా పాడించాను."

ఆవిడ తాబేలు పొట్టమీద గీతల్ని వేలితో ఒకసారి తడిమారు. బురద కోసం తడిమారో ఇంకెందుకు తడిమారో నేను చెప్పలేను. అది మెడ కొంచెం బయటికి తీసి, చలికి మళ్లీ లోపలికి పెట్టుకుంది.

ఇనుజుకా గారు గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తే బేరానికి దిగినట్టే. పట్టుకెళ్లండి అన్నాడు. పెద్దవారు, ముప్పై ఏడేళ్ల అనుబంధం, ఇంటికి తీసుకెళ్లి తొట్టెలో పెట్టుకోండి, ఇక్కడున్న ఒక్క మనిషీ తప్పు పట్టడు. హిరుమాకి కూడా వాళ్లమ్మాయిది తిరిగి ఇచ్చేద్దాం. తాబేలుకి తాబేలు. అలాగే నా నలభై రెండూ కుంటలోకి. మీ నియమం మీకోసం వంగితే మాకోసమూ కాస్త నడుం వంచొచ్చుగా.

బేరం బాగుంది. అదే దాంట్లో తప్పు. హిరుమా ముందుకి ఒక అడుగు వేశాడు. నాకూ, ఒప్పేసుకోండమ్మా, ఇళ్లకి పోదాం అనిపించింది. కాళ్లలో రక్తం గడ్డకట్టి గంట దాటింది.

టీచరు గారు కాగితం తీసి రాశారు. రాస్తూ పైకి చదివారు. "బయటిది, ఆడది, ఒకటి. వదిలినవారు, కురియామా." పెన్ను మూత పెట్టారు. రెండు చేతులతో ఒకావరిని ఎత్తి, బల్ల చుట్టూ తిరిగి, తెల్ల పెట్టెలో గోళ్లరంగు తాబేలు పక్కన పెట్టారు. మూత కూడా ఆవిడే వేశారు. తరవాత హిరుమా వైపు తిరిగి, పొద్దున మీతో అన్నదాంట్లో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను, మీతో అన్నదే నాతోనూ అనుకున్నాను, అన్నారు. క్షమాపణ అనుకునే వీలు ఎక్కడా ఇవ్వలేదు. హిరుమా మొహం ఎర్రబడింది. కాని కుర్చీ వెనక్కి మళ్లీ వెళ్లలేదు.

ఇనుజుకా గారికి అది అర్థమైంది. బేరం జారిపోయిన కోపంలో ఆయన చెయ్యకూడని పని చేశాడు. సభ మధ్యలో నోరు తెరిచాడు.

"కుంటని పాడుచేసిన చెయ్యే కుంటని బాగుచేస్తుందా? సిగ్గుండాలి. ఆవిడ తప్పుకోవాలి. ఈ పని ఇంకొకళ్లు చెయ్యాలి."

కార్యదర్శి పుస్తకం తెరిచాడు. నవ్వలేదు. ఆయన ఎప్పుడూ నవ్వడు.

"అధ్యక్షులు ప్రతిపాదించారు," అన్నాడు రాసుకుంటూ. "పని ఇంకొకరు చెయ్యాలని. ఆనవాయితీ ప్రకారం..."

ఆయన వాక్యం పూర్తి చెయ్యకముందే టీచరు గారు మెడలోంచి కుంట బాధ్యురాలి బిళ్ల తీసి బల్లమీద పెట్టారు. ఒప్పుకుంటున్నాను అన్నారు. ఒక్క షరతు, కుంట ఎండాలి. ఎండబెట్టే పని మాత్రం ఇనుజుకా గారిదే.

గట్టంతా గట్టిగా నవ్వింది. పొద్దున్నుంచీ తిట్లు తిన్నవాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు. ఇనుజుకా గారు తన నోటి వైపు తానే చూసుకోలేక చేపల వైపు చూశాడు. ఇప్పుడు కాదంటే ఈ పేటలో మళ్లీ ఎవరికీ పని చెప్పలేడు, ఆయన పెత్తనం నిలబడింది ఆ ఆనవాయితీ మీదే. మూడింటికి చేతులెత్తారు. ఇరవై ఆరు, పధ్నాలుగు. ఎండబెట్టడానికే ఎక్కువ. హిరుమా ఎటూ ఎత్తలేదు. నేను ఎత్తాను, బురద కారి చంకలోకి వెళ్లింది.

తాబేలు ఏమైందని అడక్కండి. నియమం ప్రకారం జరిగింది. పెట్టెని వ్యాను దాకా మోసింది నేనే. ఈసారి పాట లేదు.

కోయి చేపల్ని పేటలో ఎక్కడ పెట్టాలని ఆ సాయంత్రం ఎవరో అడిగారు. మా నాన్న తవ్వించిన చిన్న కొలను నా స్నానశాల పెరట్లో ఖాళీగా ఉందని నోరు జారాను. పక్కనే కార్యదర్శి ఉన్నాడు. ఇప్పుడు బట్టలు మార్చుకునే గది ముందు నలభై రెండు కోయి చేపలు నోళ్లు తెరిచి, దిసమొలల మా ఖాతాదార్లని చూస్తుంటాయి.

రెండు నెలలు ఇనుజుకా గారు రబ్బరు బూట్లు తొడుక్కుని కుంట అడుగున నెర్రెలు లెక్కపెట్టాడు. వానొస్తే పట్టాలు లాగాడు. మార్చి ఆఖర్న నీళ్లు నింపారు. ఏప్రిల్లో, రొట్టెముక్క విసిరిన ఒక తల్లిని ఆయన గట్టున నిలబెట్టి అరగంట తిట్టాడు. హంతకుల బోర్డుకి కొత్త రంగు వేయించింది కూడా ఆయనే. టీచరు గారు మడతకుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుని, ఆయన చెత్త తీసే వల పట్టుకునే తీరు దగ్గర్నుంచి టోపీ దాకా అన్నిటికీ వంక పెట్టారు. పదవి పోయినా పెదవి పోలేదు. ఆయన వినబడనట్టు నటించి, మర్నాడు ఆవిడ చెప్పినట్టే పట్టుకునేవాడు. అది కూడా తప్పే అనేవారు ఆవిడ.

జూన్ రెండో వారం, తుంపర పడుతున్న ఒక సాయంత్రం. ఇనుజుకా గారు మగవాళ్ల తొట్టిలో దబ్బున దిగి, ఒళ్లు వేడెక్కకముందే గోడమీదకి కేకేశాడు.

"స్నానాలాయనా, అవతలున్నావిడతో చెప్పు. తూముకి పడమటి వైపు గడ్డి లేచింది. పచ్చ దారాల్లా ఉంది. నా హయాంలో లేచింది."

అవతల నీళ్ల చప్పుడు ఆగిపోయింది. చెంబు ఎవరో పలకలమీద పెట్టారు. నా పీట మీంచి రెండువైపులా చూడచ్చు గాని, ఆ పూట నేను ఎటూ చూడలేదు. గోడమీంచి గొంతు వచ్చింది.

"కుజే, ఆయన్ని అడుగు. కణుపుకి ఎన్ని పోగులు?"

ఇనుజుకా గారు నీళ్లలో కదిలాడు. లెక్కపెట్టలేదని నాతో మెల్లిగా అన్నాడు. మెల్లిగా అన్నా గోడకి వినపడింది.

"లెక్కపెట్టి రమ్మను. ఆరుంటే నా చిన్నప్పటి గడ్డి కాదు. ఎనిమిదుంటేనే అది."

ఆయన తిట్టుకుంటూ లేచాడు. టీచర్లనీ, గడ్డినీ, గడ్డి తినే టీచర్లనీ తిట్టుకుంటూ, తడి వీపు మీదే చొక్కా తగిలించుకుని, చెప్పులు మార్చి వేసుకుని బయటికి నడిచాడు. నేను గొడుగు అందించాను. వెనక్కి చూడకుండా లాక్కున్నాడు.

అవతల వైపు నీళ్లు పోసుకుంటున్న చప్పుడు లేదు. ఒళ్లు ఆరిపోతున్నా ఆవిడ అలాగే కూర్చుని ఉన్నారు.